చీకట్లో కొలిచిన అంకె

కుషాయిగూడ,
హైదరాబాద్

బుజ్జితల్లీ,

నువ్వు పంపిన గ్రాఫు ప్రింటు తీయించుకుని మరీ చూశాను. మీ అమ్మయితే పిల్ల రిజల్టు సాధించిందట, పేపరు రాస్తోందట అని అపార్ట్‌మెంట్ మొత్తానికీ చెప్పేసింది. నాకూ సంతోషమే. ఈ పనిలోనే జుట్టు నెరిసినదాన్ని, అల్యూమినియం కేఐడీ డిటెక్టరు మీద 2×10⁻²⁰ అన్న ఎన్‌ఈపీ, అంటే దాని సొంత రొదకు సమానమైన వెలుగు, చూస్తే పొంగిపోకుండా ఎలా ఉంటాను? కానీ గ్రాఫు కింద చిన్నక్షరాల్లో ‘డార్క్’ అని ఉంది. నా కళ్లు అక్కడే ఆగిపోయాయి. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఫోనులో చెబితే ‘సరే పిన్నీ, సరే పిన్నీ’ అని పెట్టేస్తావు.

ముందు కోప్పడనీ. ఆ మెయిల్ అర్ధరాత్రి దాటాక వచ్చింది. ల్యాబులో ఒక్కదానివే ఉన్నావని అందులోనే రాశావు. పక్కన కూర్చున్నంత మాత్రాన డైల్యూషన్ ఫ్రిజ్ త్వరగా చల్లబడుతుందా తల్లీ? దానికి పట్టే రోజు, రెండు రోజులు ఎలాగూ పడతాయి. కూలింగ్ మొదలుపెట్టి ఇంటికెళ్లి అన్నం వండుకో. లిక్విడ్ నైట్రోజన్ ట్రాపు నింపే పని మాత్రం రాత్రిపూట ఒంటరిగా ఎప్పుడూ పెట్టుకోకు. నైట్రోజన్ ఆవిరై గదిలో ఆక్సిజన్ తగ్గిపోతే మనిషికి ఊపిరాడనట్టు కూడా అనిపించదు, ఉన్నట్టుండి కూలబడిపోతారు. గోడమీద ఆక్సిజన్ అలారం ఉందని ధైర్యంగా ఉండకు. రెండో మనిషి ఉండాల్సిందే. ఇది అడగడం కాదు, ఆజ్ఞ. కోపం వచ్చిందా? రానీ. నువ్వు క్షేమంగా ఉంటే చాలు నాకు.

ఇప్పుడు నాతో పాటు ఒక లెక్క కట్టు. నీకు తెలిసిందే, అయినా కట్టు. 100 మైక్రాన్ల ఫోటాను శక్తి దాదాపు 2×10⁻²¹ జౌళ్లు. 4.5 కెల్విన్‌కు చల్లార్చిన టెలిస్కోపు వెనక, స్పెక్ట్రోమీటరు రంగులన్నీ విడదీశాక, ఒక్కో పిక్సెల్‌కు దక్కేది 10⁻¹⁹ వాట్ల లెక్కలో ఉంటుంది. అంటే సెకనుకు యాభై ఫోటాన్లు. అవి వరసగా ఒకే ఎడంతో రావు. ఒకసారి నాలుగు కలిసి వస్తాయి, ఒకసారి అసలే రావు. ఆ ఎగుడుదిగుడే ఆకాశం చేసే రొద. లెక్కవేస్తే అది 2×10⁻²⁰ వాట్స్ పర్ రూట్ హెర్ట్జ్ వస్తుంది. సరిగ్గా నీ అంకే! అంటే నీ డిటెక్టరు ఆకాశమంత నిశ్శబ్దంగా ఉందని నువ్వంటున్నావు. మాట నిజమైతే చాలా పెద్ద మాట. అంత పెద్ద మాట చెప్పేవాళ్లని ప్రపంచం అడగాల్సినవన్నీ అడుగుతుంది. అంతకంటే ముందే, ప్రేమగా నేను అడుగుతున్నాను.

చీకట్లో నువ్వు నిజంగా కొలిచింది నాయిస్‌ని మాత్రమే. ఆ నాయిస్ ఎన్ని వాట్లకు సమానమో చెప్పాలంటే, ఒక వాటు వెలుగు పడితే సిగ్నల్ ఎంత కదులుతుందో తెలియాలి. దాన్ని నువ్వు కొలవలేదు. చిప్‌ని మెల్లగా వేడిచేశావు, వేడికి ఎన్ని ఎలక్ట్రాన్ల జంటలు (కూపర్ జంటలు) విడిపోతాయో సూత్రం ప్రకారం వేశావు, ఫ్రీక్వెన్సీ ఎంత జారిందో చూశావు. అందులో జంట విడగొట్టే సామర్థ్యానికి పుస్తకంలో అంకె పెట్టావు. పల్చటి ఫిల్ములో ఫోనాన్లు తప్పించుకుపోయే తీరునుబట్టి ఆ అంకే మారుతుందే! లెన్స్, యాంటెన్నా దాటి ఎంత వెలుగు అల్యూమినియం దాకా చేరుతుందో ఇక చెప్పనే అక్కర్లేదు, ఆ ప్రస్తావనే నీ గ్రాఫులో లేదు. తప్పు చేశావనడం లేదు తల్లీ. అందరూ మొదట ఇలాగే చేస్తారు, చెయ్యాలి కూడా. అది మొదటి మెట్టు. దాని మీదే ఇల్లు కట్టేశావన్నదే నా బాధ.

నేను ఎమ్మెస్సీలో ఉండగా మన ఈసీఐఎల్ దగ్గర టీఐఎఫ్ఆర్ బెలూన్ కేంద్రంలో ఒక శీతాకాలపు రాత్రి గడిపాను. మీటరు వెడల్పు అద్దం ఉన్న ఫార్ ఇన్‌ఫ్రారెడ్ టెలిస్కోపు అక్కడి నుంచే ఎగిరేది. ఇప్పటి పిల్లలకు ఈ సంగతే తెలియదు. మన తలల మీదుగా, ముప్పై కిలోమీటర్ల పైన, మన ఊరి టెలిస్కోపు నక్షత్రాలు పుట్టే మబ్బుల్ని చూసింది! 150, 210 మైక్రాన్ల దగ్గర చూసే బొలోమీటర్లని హీలియం-3తో 0.3 కెల్విన్‌కు చల్లార్చేవారు. తర్వాత 1999 నుంచి జపాను వాళ్ల స్పెక్ట్రోమీటరు బిగించి, 158 మైక్రాన్ల దగ్గర కార్బన్ అయాను గీతని మ్యాపు చేశారు. కింద నుంచి ఇవేవీ కనపడవు. గాల్లో ఉన్న నీటి ఆవిరే ఆ వెలుగునంతా మింగేస్తుంది. ఆ ప్లాస్టిక్ బెలూన్ తెల్లగా లేస్తుంటే నోరు తెరుచుకుని చూశాను. పరికరాలు పారాచూట్‌తో ఏ పొలంలోనో దిగుతాయి, ఎవరూ తెరవకండి, ముట్టుకోకండి అని పేపర్లో ప్రకటనలు వచ్చేవి. ఇప్పటికీ వస్తుంటాయి.

కానీ నాకు బాగా గుర్తుండిపోయింది ఎగరడం కాదు. ఎగిరే ముందు, షెడ్డులో, ఒక పెద్దాయన డిటెక్టరు ముందు ఒకసారి వెచ్చని పలక, ఒకసారి చల్లని పలక మార్చి మార్చి పెడుతూ నోటుపుస్తకంలో రాసుకుంటున్నాడు. పలక ఉష్ణోగ్రత తెలుసు కాబట్టి దాన్నుంచి వచ్చే వెలుగెంతో తెలుసు. ఆ వెలుగుకు మీటరు ఎంత కదిలిందో చూస్తున్నాడు. పక్కన అంత హడావుడి జరుగుతున్నా ఆయన తలెత్తలేదు. ఆ పని ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. తర్వాత నా బతుకంతా అదే పని అయింది.

నువ్వు చేయాల్సిందీ అదే బుజ్జీ. 1.5 టెరాహెర్ట్జ్ దగ్గర చూసే చిప్ కదా నీది. దాని ముందు చిన్న బ్లాక్‌బాడీ పెట్టు, మధ్యలో ఫిల్టర్లు బిగించు. 4 కెల్విన్ నుంచి 20 కెల్విన్ దాకా మెల్లగా పెంచుతూ పో. ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర ఆ కాస్త వేడికే వెలుగు లక్షల రెట్లు పెరుగుతుంది. పవరు ఎక్కువగా ఉన్నచోట నీ ఎన్‌ఈపీ పవరు వర్గమూలంతో పాటు పెరగాలి. అలా పెరిగితే నీకు వినపడుతున్నది ఫోటాన్ల రొదే. కిందికి దిగుతూ వస్తే ఎక్కడో ఒకచోట గీత చదునవుతుంది. అదీ నీ డిటెక్టరు అసలు హద్దు. ఆ అంకె 2×10⁻²⁰ అయినా సరే, 6×10⁻²⁰ అయినా సరే, అది నీ సొంతం. దాన్ని ఎవరూ కదిలించలేరు. నువ్వున్న దేశంలోనే, స్రాన్ సంస్థ, డెల్ఫ్ట్ యూనివర్సిటీ వాళ్లు 2022లో 1.5 టెరాహెర్ట్జ్ దగ్గర 3×10⁻²⁰ అని ప్రకటించినప్పుడు అందరూ నమ్మారు. ఎందుకు? వెలుగు చూపించి కొలిచారు కాబట్టి.

ఇక చీకటి అంటున్నావే, అది ఎంత చీకటో చూసుకున్నావా? ఇక్కడ నా సంగతొకటి చెప్పాలి, చెప్పడానికి ఇప్పటికీ మనసు ఒప్పదు. ఒకప్పుడు నా చిప్‌లో క్వాజీపార్టికల్స్, అదే విడిపోయిన జంటల ముక్కలు, లెక్కకు మించి ఉండేవి. ఉష్ణోగ్రత తగ్గిస్తే తగ్గాలి కదా, ఒకచోట నిలబడిపోయాయి. ఫిల్ము బాగాలేదని తేల్చేశాను. క్లీన్‌రూమ్‌లో ఫిల్ము వేసే ఆయన్ని మళ్లీ వెయ్యమన్నాను, మళ్లీ మళ్లీ వెయ్యమన్నాను. నలుగురి ముందు మాట కూడా తూలాను. చివరికి తేలిందేమిటి? చిప్ ఉన్న డబ్బాలోకి వచ్చే కోయాక్స్ కేబుల్ దగ్గర వెలుగు కారుతోంది. కేబుల్ మధ్యలో ఉండే టెఫ్లాన్ గుండానే లోపలికి వస్తోంది. దోషం ఫిల్ముది కాదు, ఆయనదీ కాదు, నాది. వెళ్లి క్షమించమని అడిగాను. ఆయన పెద్దమనసుతో నవ్వేశాడు, నాకు మాత్రం ఆ గది ముందు నుంచి వెళ్లాలంటే చాలాకాలం ముఖం చెల్లలేదు.

అందుకే చెబుతున్నాను, 4 కెల్విన్ గోడ మనకు గడ్డకట్టే చలి, నీ చిప్‌కు అది రోహిణీకార్తె ఎండ. ఆ గోడ విరజిమ్మే వెలుగు 0.7 మిల్లీమీటర్ల అలల దగ్గర శిఖరానికి చేరుతుంది. అల్యూమినియంలో జంట విడగొట్టడానికి 90 గిగాహెర్ట్జ్ పైనున్న ఏ ఫోటాను అయినా చాలు. గోడ ఇచ్చేది దానికి నాలుగింతలకు పైనే. ఒక్క మోడ్‌లో వచ్చేదే 10⁻¹² వాట్లకు పైన. నీకు కావలసిన సిగ్నలేమో 10⁻¹⁹. ఆ వెలుగులో మూడు నాలుగు కోట్లలో ఒక వంతు సందులోంచి జారినా నీ ఆకాశం పక్కన ఇంకో ఆకాశం వచ్చి కూర్చున్నట్టే లెక్క. డబ్బాలో డబ్బా పెట్టు. మూతల అంచులు మెలికలు తిరిగేలా చేయించు. లోపలంతా నల్లపూత పట్టించు, కార్బన్ బ్లాక్, సిలికాన్ కార్బైడ్ గుండ కలిపిన ఎపాక్సీతో. ప్రతి కేబుల్‌కూ ఫిల్టరు పెట్టు. స్క్రూ రంధ్రం ఒక్కటి తెరిచి ఉన్నా మూసెయ్యి. తర్వాత మళ్లీ కొలువు. అంకె మారకపోతే నీ చీకటి చీకటే.

నాయిస్ గ్రాఫు విషయంలో ఇంకొకటి. దాన్ని ఒక్క అంకెగా నలిపెయ్యకు. ఆ గీత వంపుల్లోనే కథంతా ఉంది. నువ్వు పంపిన దాంట్లో 10 హెర్ట్జ్ కింద గీత పైకి లేస్తోంది, చూశావా? అది ఫేజ్‌లో ఉండి యాంప్లిట్యూడ్‌లో లేకపోతే టీఎల్ఎస్ (టూ-లెవెల్ సిస్టమ్స్) అని అనుమానించు. లోహం మీద, సిలికాన్ మీద పేరుకునే ఆ కాస్త ఆక్సైడ్ పొరలో అటూఇటూ ఊగే అణువుల పని అది. రీడౌట్ పవరు పెంచి చూడు, తగ్గుతుంది. కెపాసిటర్ వేళ్ల మధ్య ఎడం పెంచితే ఇంకా తగ్గుతుంది. అలాగని పవరు ఇష్టమొచ్చినట్టు పెంచకు, మైక్రోవేవ్ తానే జంటల్ని విడగొడుతుంది, అప్పుడు ఒకటి తగ్గించబోయి ఇంకోటి తెచ్చుకుంటావు. చదునుగా ఉండి పైన ఎక్కడో వంగిపోయే భాగం ఉంది చూడు, అదే జంటలు విడిపోతూ కలుస్తూ చేసే రొద అయ్యుండాలి. ఉష్ణోగ్రత కొంచెం పెంచు. మట్టం అలాగే ఉండి, వంపు మాత్రం పై ఫ్రీక్వెన్సీకి జరిగితే అదే. మట్టం కూడా మారితే ఇంకేదో కలిసింది, వెతుకు. 50 హెర్ట్జ్ దగ్గర నిటారుగా లేచిన సూదిని కాగితం మీద చెరిపెయ్యకు, గ్రౌండ్ లూప్ వెతికి తీసెయ్యి. పల్స్‌ట్యూబ్ కొట్టుకునే చప్పుడు కూడా సూదిలాగే కనపడుతుంది, కాసేపు దాన్ని ఆపి ఆ కాసేపట్లో కొలువు, తేలిపోతుంది. చల్లార్చేటప్పుడు చుట్టూ అయస్కాంత షీల్డు ఉందో లేదో కూడా చూసుకో. భూమి అయస్కాంత క్షేత్రం ఫిల్ములో ఇరుక్కుంటే క్వాలిటీ ఫ్యాక్టరు పడిపోతుంది, నెపం మళ్లీ ఫిల్ము మీదికే పోతుంది.

పెద్దవాళ్ల పేపర్లు చదివేటప్పుడు భయభక్తులతో కాదు, ఏ నాయిస్‌ని ఎవరు ఎలా పట్టుకున్నారో చూడటానికి చదువు. 2003లో పీటర్ డే, లెడక్, మేజిన్, వయొనాకిస్, జ్మూయిడ్జినాస్ నేచర్‌లో కేఐడీ గురించి రాసినప్పుడు దాని గొప్పతనం ఒక్క కేబుల్ మీద వేల పిక్సెల్స్ చదవొచ్చన్న ఆశలో ఉంది. టీఎల్ఎస్ ఫ్రీక్వెన్సీనే కదిలిస్తుంది, లాస్‌ని కదిలించదు అని జియాన్‌సాంగ్ గావ్ వాళ్లు 2007లో చూపించారు. పీటర్ డి విసర్ వాళ్లు 2011లో క్వాజీపార్టికల్స్ సంఖ్యలోని ఎగుడుదిగుళ్లనే నేరుగా కొలిచారు. 160 మిల్లీకెల్విన్ కింద అవి తగ్గడం మానేసి ఘన మైక్రానుకు కొన్ని పదుల దగ్గర నిలబడిపోయాయి. 2014కల్లా అదే చోట ఫోటాన్ల రొద వినగలిగారు. ఒక్కో మెట్టూ ఒక్కో రొదకు పేరు పెట్టడమే. మీ పక్క ఊరు లైడెన్‌లో కామర్‌లింగ్ ఓన్స్ 1911లో పాదరసం నిరోధం మాయమైందని చూసినప్పుడు కూడా మొదట అనుమానించింది వైర్లనే అని చెప్పుకుంటారు. తీరిక దొరికితే ఒక ఆదివారం రైలెక్కి అక్కడి మ్యూజియానికి వెళ్లిరా, ఆయన హీలియం యంత్రం చూడు.

నీకింత తొందర ఎందుకో నాకు తెలియక కాదు. పోస్టులు తక్కువ, మిషన్లు ఇంకా తక్కువ. 2020 అక్టోబరులో స్పికాని రద్దు చేసినప్పుడు నీకింకా ఈ రంగం తెలియదు. ఆ టెలిస్కోపులోని సఫారి స్పెక్ట్రోమీటరు కోసం 2×10⁻¹⁹ సాధించాలని ఏళ్ల తరబడి కష్టపడ్డవాళ్లు నాకు తెలుసు. ఒక ప్రకటనతో అంతా ఆగిపోయింది. ఒకామె ఫోన్ చేసి ఎంతసేపు మాట్లాడకుండా ఉండిపోయిందో! 3.5 మీటర్ల అద్దంతో 2009లో ఎగిరిన హెర్షెల్ 2013 ఏప్రిల్‌లో హీలియం అయిపోయి కళ్లు మూసింది. టెలిస్కోపుని మోసే సోఫియా విమానం 2022లో దిగిపోయింది. ఇప్పుడు ఆశలన్నీ ప్రైమా అనే టెలిస్కోపు మీద. 2024 అక్టోబరులో నాసా తర్వాతి పరిశీలనకు ఎంచుకున్న రెండు మిషన్లలో అదొకటి, ఎగిరేది మాత్రం ఒకటే. 1.8 మీటర్ల అద్దమే, హెర్షెల్ కన్నా చిన్నదే. కానీ హెర్షెల్ అద్దం 85 కెల్విన్ దగ్గర తానే వెలుగుతూ ఉండేది, ఆ వెలుగు ముందు డిటెక్టరు రొద పెద్ద లెక్క కాదు. ఇది 4.5 కెల్విన్ అద్దం. అద్దం చీకటైపోయాక భారమంతా డిటెక్టరు మీదే, అంటే మీమీదే పడింది. ఏ మిషను నిలుస్తుందో, ఏది పోతుందో మన చేతుల్లో లేదు తల్లీ. మిషను పోయినా కొలత పోదు. స్పికా పోయింది గానీ ఆ రోజుల్లో స్ట్రే లైట్ గురించీ, డబ్బాల గురించీ, కాస్మిక్ కిరణాల గురించీ నేర్చుకున్నది ఈరోజు నీ క్రయోస్టాట్‌లో ఉంది.

కాస్మిక్ కిరణాలంటే గుర్తొచ్చింది, వాటిని వాయిదా వేయకు. ప్లాంక్ ఉపగ్రహం మీది బొలోమీటర్లకు ఆ దెబ్బలు ఎంత డేటా పాడుచేశాయో నీకు తెలుసు. సిలికాన్‌లో ఎక్కడో కిరణం తగిలితే ఫోనాన్లు చిప్పంతా పాకి వందల పిక్సెల్స్‌ని ఒకేసారి మేల్కొలుపుతాయి. చిప్ వెనకవైపు క్రిటికల్ టెంపరేచర్ తక్కువున్న లోహం జాలీ వేస్తే ఆ ఫోనాన్లని అది మింగేస్తుంది. నీ తర్వాతి మాస్కులో దానికి చోటు ఉంచమని మీ గైడ్‌ని ఇప్పుడే అడుగు, మాస్కు పంపేశాక అడిగితే లాభం లేదు.

పేపరు ఆపెయ్యమని నేననడం లేదు. ‘డార్క్’ అన్న మాట చిన్నక్షరాల్లో కాదు, శీర్షికలోనే పెడతానంటే ఇప్పుడే రాసెయ్యి, నేనే మెచ్చుకుంటాను. లేదూ, ఆకాశంతో పోలుస్తాను అంటే మాత్రం బ్లాక్‌బాడీ రన్ అయ్యేదాకా ఆగు. మీ గైడ్ తొందరపెడితే ఈ లెక్కలే ఆయన ముందు పెట్టు. గట్టిగానే మాట్లాడు, మర్యాద తప్పకు. క్లీన్‌రూమ్ వాళ్ల పేర్లు పేపర్లో తప్పకుండా పెట్టు, అడిగి మరీ పెట్టు.

బ్లాక్‌బాడీ బిగించే ముందు డబ్బా ఫొటోలు తీసి పంపు, మూత అంచులు, కనెక్టర్లు దగ్గరగా కనపడేలా. గ్రాఫు వస్తే ముందు మీ గైడ్‌కి చూపించు, తర్వాత నాకు. అమ్మకు అన్నిటికన్నా చివర చెప్పు, లేకపోతే ఈసారి కాలనీ అంతా స్వీట్లు పంచేస్తుంది.

నీ పిన్ని